గొడుగు బొమ్మ గోడ

“మీ ఆయనతో సెప్పు, ఆ ఊతకర్రలు తీసేత్తే గది అంతా ఓ పక్కకి ఒరిగిపోద్దని.”

“మీ అమ్మకి సెప్పు, ఊతకర్రలు సేసే పని ఇయ్యాల్టినుంచి ప్లైవుడ్ పలక సేత్తాదని.”

“పలకేటి సేత్తాది? పలకంటే మూసుకోడానికి. నిలబెట్టడానికి కర్ర కావాల. మా అయ్య ఇల్లు కట్టినప్పుడు మూలమూలకీ ఏటవాలు కర్ర బిగించేవోడని సెప్పు. గాలివానకి ఊరంతా ఎగిరిపోనా మా ఇల్లు కదల్లేదని సెప్పు.”

“ఆ మాట శానాసార్లు ఇన్నానని సెప్పు.”

మా అమ్మాయి మా ఇద్దరి మధ్యా కూర్చుని చేటలో బియ్యం ఏరుతోంది. మొదట్లో రెండు మూడు మాటలు బుద్ధిగా అటూ ఇటూ మోసింది. తర్వాత చేట కింద పెట్టేసి, “దోనోఁ సున్ రహే హో నా? ఫిర్ మై కాహే కో?” అంది, ఇద్దరూ వింటున్నారుగా, మధ్యలో నేనెందుకని. దానికి కోపం వస్తే హిందీయే వస్తుంది. ఈ ఊళ్ళో పుట్టిన పిల్లలందరికీ అంతే.

అది అన్నదాంట్లో తప్పు లేదు. ఇద్దరం వింటూనే ఉన్నాం. కాని మా వైపు అత్త అల్లుడి ఎదుట నిలబడదు, అల్లుడితో నేరుగా మాట్లాడదు. చెప్పాల్సింది తలుపు చాటు నుంచి కూతురికి చెబుతుంది. అల్లుడు వింటాడు. కూతురు మళ్ళీ చెబుతుంది. అప్పుడే విన్నట్టు లెక్క. ఈ ఊరొచ్చాక కొందరు ఈ పద్ధతి వదిలేశారు. నేను వదల్లేదు, వదలడానికి నాకు కారణం కనపడలేదు. అయితే ఈ పద్ధతి నడవాలంటే ఒక తలుపో ఒక గోడో ఉండాలి. ఆ ఆదివారం పొద్దున మా పెరట్లో రెండూ లేవు. తలుపు చాటు నుంచి పని కనబడదు కాబట్టి నేను వంటింటి గడపలో పైట తలమీదికి లాక్కుని పక్కకి తిరిగి నిలబడ్డాను. అల్లుడు సుత్తి పట్టుకుని ముక్కాలిపీట మీద నిలబడ్డాడు. నడుమ ఉన్నది నిలువు కర్రల చట్రం. పైన రేకుల కప్పు వేశారు కాని కింద గోడల్లేవు. అటువాళ్ళు ఇటూ ఇటువాళ్ళు అటూ కనబడిపోతున్నాం.

ఇది ఎనభైల మొదట్లో మాట. మేం టాటానగర్‌లో భుయ్యాడీహ్‌లో నదికి దగ్గరగా ఉండేవాళ్ళం. రెండు గదులు, ఒక వంటపాక, వెనక కొంచెం పెరడు. మా ఆయనది ఉక్కు ఫ్యాక్టరీలో షిఫ్టు డ్యూటీ. అమ్మాయిని పర్లాకిమిడి వైపు కుర్రాడికి ఇచ్చాం. అతను ఇక్కడే ఒక కాంట్రాక్టరు దగ్గర వడ్రంగి. పై దేశాలనుంచి పెద్ద పెద్ద మిషన్లు చెక్కపెట్టెల్లో వస్తాయి కదా, ఆ పెట్టెలు విప్పడం, ఇక్కణ్ణుంచి వెళ్ళేవాటికి పెట్టెలు కట్టడం వాళ్ళ పని. టాటానగర్ స్టేషన్ దగ్గర ఒకే గది అద్దెకి తీసుకుని ఉండేవాళ్ళు. ఆ గది యజమాని కొడుక్కి పెళ్ళి కుదిరింది, వానలు పడేలోగా ఖాళీ చెయ్యమన్నాడు. అల్లుడి అన్న రూర్కెలాలో ఉన్నాడు. “ఇక్కడికి వచ్చేయండి, ఇల్లు నేను చూస్తాను” అని కబురు మీద కబురు పెడుతున్నాడు.

మనవరాలికి అప్పుడే నడక వస్తోంది. నాలుగడుగులు వేసి ఐదో అడుగుకి నా చీర కుచ్చిళ్ళు పట్టుకునేది. రూర్కెలా దూరమేమీ కాదు, రైలెక్కితే ఒక పూట ప్రయాణం. కాని ఒక పూట దూరంలో ఉన్న పిల్ల కుచ్చిళ్ళు పట్టుకోదు. ఈ మాట నేను ఎవరితోనూ అనలేదు. అనేది ఏముంది? “పెరట్లో జాగా ఉంది కదా” అని మాత్రం అన్నాను.

జాగా ఉంది కాని నేల గట్టిది కాదు. పూర్వం అక్కడ గుంట ఉండేదట. బొగ్గుబూడిద, ఇనప చిట్టెం పోసి పూడ్చారు. ఇటుక గోడ లేపితే ఒక వాన కాకపోతే రెండో వానకి కుంగి బీటలిచ్చేది. అందుకని అల్లుడు చెక్కగది కడతానన్నాడు. తేలిక, కుంగదు. విప్పిన పెట్టెల కర్రలు, ప్లైవుడ్ పలకలు కాంట్రాక్టరు దగ్గర కొన్నాడు. కింద ఇటుకల వరస పేర్చి, దానిమీద తారు పూసిన అడుగుదూలం వేసి, నిలువు కర్రలు నిలబెట్టి, పైదూలం కొట్టాడు. పైన రేకులు పరిచాడు. ఒరిగిపోకుండా నాలుగు పక్కలా బయటినుంచి వాలుగా ఊతకర్రలు కట్టాడు. అవి అరువు తెచ్చినవి, సోమవారం తిరిగి ఇచ్చెయ్యాలి.

నా లెక్క వేరు. ఊతకర్రలు ఇచ్చేసేటట్టయితే వేరే కర్రలు తెచ్చి ఏటవాలుగా బిగించాలి. గోడలకి వెదురు తడికలు కట్టి మట్టి మెత్తుకుంటే చాలు, తడికలు నేనే కట్టిస్తాను, మట్టి నేనే మెత్తుతాను. అంత మంచి పలకలు ఉన్నాయి కదా, వాటితో ఒక అటక, ఒక తలుపు, పిల్లకి ఒక మంచం వస్తాయి. చేతికి నున్నగా తగిలే పలకని తీసుకెళ్ళి ఎండకీ వానకీ బయట కొట్టేవాణ్ణి నేను అంతవరకు చూడలేదు.

పైగా ఆ పలకల మీద నల్లరంగుతో బొమ్మలు అచ్చుకొట్టి ఉన్నాయి. ఒక గ్లాసు, పైకి చూసే రెండు బాణాలు, ఒక గొడుగు. నాకు చదువు మూడో తరగతితో ఆగింది గాని బొమ్మ చూస్తే తెలియకపోదు.

“ఒలే, గొడుగు బొమ్మ ఎందుకేసినారో అడుగు.”

“వాన తగలకూడదని,” అన్నాడు అల్లుడు.

“మరి వాన తగలకూడదని రాసున్న పలకనే తెచ్చి వానకి అడ్డం కొడతాడేటి ఈ బాబు?”

అమ్మాయి పక్కున నవ్వింది. అల్లుడు పీట దిగాడు. అతనికీ నవ్వొచ్చింది గాని ఆపుకున్నాడు.

“అది లోపలున్న మిషనుకి రాసింది, పలకకి కాదని సెప్పు మీ అమ్మకి. ఓడలో నీళ్ళు, బండిలో వాన, అన్నీ తినొచ్చినాదీ పలక. రంగేసేత్తాను. ఇంకొకటి అడుగు. అంత బరువు మిషను లోపలెట్టి క్రేనుతో పైకెత్తితే పెట్టె వంకర పోదేటి? ఏటవాలు కర్రలున్నాయా దానికి?”

మా ఆయన మెట్టు మీద కూర్చుని చుట్ట తాగుతున్నాడు. “నువ్వు సెప్పు మరి,” అన్నాను. “ఇద్దరూ సెప్పింది రైటే,” అని లేచి డబ్బా పట్టుకుని నీళ్ళకి వెళ్ళిపోయాడు. ఇంట్లో తగువు అయితే ఆయన ఎప్పుడూ అంతే.

అప్పుడు అల్లుడు ఒక పని చేశాడు. వంటింటి వైపు ఉన్న ఊతకర్రల కట్లు విప్పి, పైదూలాన్ని ఒంటి చేత్తో మెల్లిగా తోశాడు. చట్రం అంతా కిర్రుమని పక్కకి వాలింది. నిలువు కర్రలన్నీ కలిసి ఒకే వాటంలో ఒరిగాయి. రేకులు కదిలాయి.

“సూసినావా! నానేటి సెప్పినాను!” అన్నాను. తొందరలో ఎవరికి చెబుతున్నానో మరిచిపోయాను.

అల్లుడు తోసిందాన్ని లాగి నిలబెట్టి, తాపీమేస్త్రీ వేలాడదీసే గుండు లాంటిది దారానికి కట్టి నిలువు చూసుకున్నాడు. నిలువెత్తు పలక ఒకటి ఎత్తి, మూలకి ఆనించి, అడుగుదూలం నుంచి పైదూలం దాకా సరిగ్గా కుదిరేలా పెట్టాడు. అమ్మాయి పట్టుకుంది. నాలుగు మూలలా నాలుగు మేకులు కొట్టి నావైపు చూడకుండా, “మేకులు కావాల,” అన్నాడు.

మేకుల డబ్బా నా దగ్గర ఉండేది. పాత పెట్టెల్లోంచి పీకినవి, వంకర పోయినవి అన్నీ రాతి మీద పెట్టి నేనే సాపు చేసి దాచేదాన్ని. ఒక గుప్పెడు ఇచ్చాను. చాలవన్నాడు. ఇంకో గుప్పెడు ఇచ్చాను. అవీ చాలవన్నాడు.

“పలక్కి ఇన్ని మేకులేటి? తినడానికా?”

“అంచు ఎంబడి బెత్తెడుకి ఒకటి, నడుమ కర్రల మీద జానెడుకి ఒకటి కొట్టాల. అంచు వదులైతే పలక ఎందుకూ పనికిరాదు. అలగని సెప్పు.”

అంచు దగ్గర దగ్గరగా, నడుమ దూరంగా. ఆ మాట వినగానే నాకు నేను చేస్తున్న ఇంకో పని గుర్తొచ్చింది. మనవరాలికని ఆ నెలంతా పాత చీరలు మడిచి బొంత కుడుతున్నాను. బొంతకి అంచు కుట్లు దగ్గరగా పడాలి, నడుమ దూరంగా పడినా ఫరవాలేదు. అంచు వదిలేస్తే లోపలి గుడ్డలు ఒక పక్కకి జారి ఉండకట్టేస్తాయి. అంచు గట్టిగా ఉంటే ఎన్నేళ్ళు ఉతికినా బొంత వాటం తప్పదు. ఇంకొకటీ గుర్తొచ్చింది. నులక విప్పేసిన మంచం చట్రం పట్టుకుని లాగితే ఇలాగే పక్కకి ఒరుగుతుంది. నులక అల్లి బిగించాక ఒరగదు. నులకలో కర్ర ముక్క కూడా ఉండదు కదా.

మేకుల డబ్బా మొత్తం తెచ్చి గడప మీద పెట్టి లోపలికి వచ్చేశాను.

ఆ మూల రెండు వైపులా పలకలు కొట్టడం అయ్యాక అల్లుడు, “సేతులు కడుక్కొని వత్తాను,” అని వీధి కుళాయికి వెళ్ళాడు. చేతులకి కడుక్కునేంత మురికేమీ లేదు. అతను మలుపు తిరిగేదాకా ఆగి, పెరట్లోకి వెళ్ళి పైదూలం కింద రెండు చేతులూ ఆనించి తోశాను. కదల్లేదు. భుజం పెట్టి తోశాను. కిర్రుమనలేదు. అమ్మాయి వెనకనుంచి, “ఔర్ జోర్ సే, అమ్మా!” అంది.

“నోరుముయ్యి,” అన్నాను. “సీమలెక్కుతున్నాయేమోనని సూత్తన్నాను.”

దాని తర్వాత బేరం తొందరగానే కుదిరింది. నాలుగు మూలలా అటూ ఇటూ నిండు పలకలు అతనివి. మూలకీ మూలకీ నడుమ తడికలు, మట్టి నావి. మిగిలిన పలకలు అటకకి. ఒక్క కిటికీ దగ్గరే మళ్ళీ పేచీ వచ్చింది. వంట చేసుకుంటూ పిల్ల కనబడాలని వంటింటి వైపు మూలలో కిటికీ పెట్టమన్నాను. మూల పలకకి కన్నం పెడితే బలం పోతుంది, కావాలంటే నడుమ తడికలో పెట్టుకోమన్నాడు. పొయ్యి నువ్వు జరుపుతావా అని అడగమన్నాను. జరుపుతానన్నాడు. సరే, నడుమ తడికలోనే పెట్టుకుంటానన్నాను.

మధ్యాహ్నం భోజనాలయ్యాక మా ఆయన బి షిఫ్టుకి వెళ్ళిపోయాడు. అల్లుడు మూడు మూలలు పూర్తిచేశాడు. పలకకీ పలకకీ నడుమ మేకు దూరేంత సందు వదిలాడు. “ఎలుగు కనబడతన్నాదే!” అని నేనంటే, పలక వానకి కొంచెం ఉబ్బుతుంది, జాగా లేకపోతే బొజ్జ పెట్టుకొస్తుంది, సందు మీద పట్టె కొడతానని అమ్మాయి చేత చెప్పించాడు. ఊతకర్రలు బయటినుంచి అడ్డం కాబట్టి పలక పెట్టే చోటల్లా విప్పుకుంటూ వెళ్ళాడు. నది వైపు నాలుగో మూలకి వచ్చేసరికి మేకులు అయిపోయాయి. పలకలు రెండూ పెట్టి ఒక్కోదానికి నాలుగేసి మేకులు కొట్టి, సైకిలెక్కి కాసిడీహ్ వైపు దుకాణానికి వెళ్ళాడు.

మా ఊళ్ళో ఎండాకాలం సాయంత్రాలు చెప్పకుండా వచ్చే గాలివానని కాలబైశాఖి అంటారు. ఆకాశం రాగిచెంబు రంగుకి తిరిగిందంటే ఆరేసిన బట్టలు తీసుకునేంత వ్యవధి ఉంటుంది, అంతే. నేను బట్టలు తీస్తుండగానే నది వైపునుంచి దుమ్ము గోడలా లేచి వచ్చింది. వెనకే గాలి. వంటపాక మీద పెంకు ఒకటి లేచి పెరట్లో పడి పగిలింది. మనవరాలు ఏడుపు మొదలెట్టింది.

“లోపలికి తీసుకెళ్ళి తలుపేసుకో,” అని అమ్మాయికి చెప్పి నేను చెక్కగది దగ్గరికి వెళ్ళాను. మూడు మూలలూ రాయిలా ఉన్నాయి. నాలుగో మూల పలకలు మాత్రం దడదడ కొట్టుకుంటున్నాయి. నాలుగేసి మేకుల మీద ఎంతసేపు ఉంటాయి? ఆ మూల ఊడిందంటే గాలి లోపల దూరి రేకుల్ని లేపేస్తుంది. రేకులు లేస్తే గది పోయినట్టే. గది పోతే రూర్కెలా రైలే.

లోపలికి వెళ్ళి ఆ మూల కర్రని రెండు చేతులా పట్టుకున్నాను. అంతలో బయట సైకిలు పడేసిన చప్పుడయింది. వెంటనే సుత్తి దెబ్బ. దెబ్బ పడినప్పుడల్లా నిలువు కర్ర వెనక్కి ఎగురుతోంది, మేకు దిగడం లేదు. వెనకనుంచి బరువు ఆనించాలి. వంటింట్లోకి పరుగెత్తి రుబ్బురోలు పొత్రం తెచ్చి కర్రకి వెనక ఆనించి పట్టుకున్నాను. మేకు దిగింది. రెండోదీ దిగింది. మూడోదానికి నా చెయ్యి కొంచెం జారింది.

“ఒలే, గట్టిగా పట్టవే! అన్నం తిన్లేదేటి? నీకూ మీ అమ్మకీ మాటలకే సత్తువ!”

పట్టుకున్నది అమ్మాయనుకున్నాడు. నేను మాట్లాడకూడదు. కాని వాన మొదలయింది.

“అన్నం తిన్నాను బాబూ,” అన్నాను. “మీరే కర్ర మీద కాకుండా పక్కన కొడతన్నారు. కొంచెం ఇటు రండి.”

సుత్తి ఆగిపోయింది.

“అత్తా?” అని పలక అవతలనుంచి చిన్న గొంతు వినబడింది.

“ఆఁ, కొట్టండి. తడిసిపోతన్నారు.”

మళ్ళీ మొదలెట్టాడు. ఇప్పుడు మేకు పెట్టే చోట ముందు వేలితో రెండుసార్లు తడుతున్నాడు. ఆ చప్పుడు దగ్గరికి నేను పొత్రం జరుపుతున్నాను. అతను కొడుతున్నాడు. అంచు వెంబడి కిందినుంచి పైకి, పైనుంచి మళ్ళీ కిందికి.

“అంచు దగ్గర బెత్తెడు దాటినారు,” అన్నాను ఒకచోట.

“ఎలగ తెలిసినాది అత్తా అట్నుంచి?”

“సప్పుడుకి తెలుత్తాది. బొంత కుట్టేదాన్ని, నాకు తెల్దేటి?”

బయట నవ్వాడు. ఆ నవ్వు నేను వినడం అదే మొదలు. నా ఎదుట ఎప్పుడూ తల దించుకునే ఉండేవాడు మరి.

రెండో పలక సగం అయ్యేసరికి గాలి తగ్గింది, వాన నిలకడగా పడుతోంది. అమ్మాయి చేత అడిగించలేని మాట ఒకటి నా దగ్గర ఎన్నాళ్ళనుంచో ఉంది. మా ఇద్దరి నడుమా గోడ ఉంది, నా ముఖం అతనికి కనబడదు. అడిగేశాను.

“ఈ గది నిలబడితే ఉంటారా బాబూ?”

వేలితో రెండుసార్లు తట్టిన చప్పుడు. నేను పొత్రం పెట్టాను. మేకు దించాడు.

“ఉండడానికే కదా అత్తా కడతన్నాను,” అన్నాడు. “రూర్కెలాలో నన్ను తిట్టేవోలు ఎవరున్నారు?”

నేను పొత్రం తర్వాతి మేకుకి జరిపాను.

మర్నాడు ఉదయం ఎండ కాసింది. వంటపాక మీద పెంకులు చాలా పోయాయి, మా ఆయన నిచ్చెన వేసుకుని సర్దుతున్నాడు. చెక్కగది నిలబడే ఉంది. అల్లుడు ఊతకర్రలన్నీ తోపుడుబండి మీద వేసి తీసుకెళ్ళి కాంట్రాక్టరుకి అప్పగించాడు. అదే బండి మీద స్టేషన్ దగ్గరి గదిలోని సామాను తెచ్చాడు. ఒక ట్రంకు పెట్టె, ఒక నులకమంచం, కిరసనాయిలు స్టవ్వు, రెండు బిందెలు. గోడల నడుమ తడికలు ఇంకా కట్టలేదు కాబట్టి గుమ్మం వైపు వదిలి మూడు వైపులా చీరలు కట్టాం. మంచం గొడుగు బొమ్మ ఉన్న మూలకి వేశారు, మనవరాలు దాని మీద నిలబడి బొమ్మని గోకుతోంది. బొంతకి ఇంకా ఒక అంచు మిగిలే ఉంది. అలాగే ఇచ్చేశాను, సాయంత్రం మళ్ళీ తీసుకుని కుట్టవచ్చని.

తర్వాత నేను వంటింటి తలుపు చాటుకి వెళ్ళి పైట తలమీదికి లాక్కుని నిలబడ్డాను.

“టీ తాగుతాడేమో అడుగు,” అన్నాను అమ్మాయితో.

“తాగుతానని సెప్పు,” అన్నాడు అల్లుడు. “పొయ్యి ఎటు జరపాలో కూడా అడుగు.”